వైద్యుని మేజాపై రెండు ఉపకరణములు

చిన్న పట్టణములలో ఒకరిద్దరు వైద్యులు నడుపు క్లినిక్కులలో సైతము నేడు రోగి చరిత్ర కంప్యూటరులోనికి చేరుచున్నది. ఓపీ చీటీ వ్రాయు చోటనే పేరు, వయస్సు, బరువు, రక్తపోటు నమోదగును. లోపలి గదిలో వైద్యుడు రోగి చెప్పిన బాధలను, పరీక్షల ఫలితములను, వ్రాసియిచ్చిన మందులను అందే చేర్చును. మూడు నెలల తరువాత ఆ రోగియే మరల వచ్చినపుడు, పాత చీటీలకై సంచి వెదకుకొననక్కరలేకయే, గతమంతయు తెరమీద నిలుచును. వైద్యరికార్డులను శీఘ్రముగా వెదకి తీయుటకు వీలగునట్లు కంప్యూటరీకరింప యత్నింపవలెనని 2002 నాటి భారత వైద్యమండలి ప్రవర్తనా నియమావళియే నిర్దేశించియున్నది. 2021 సెప్టెంబరులో దేశమంతటికిని విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దానితో వచ్చిన 14 అంకెల ఆభా సంఖ్య ఆ త్రోవలోని తరువాతి మజిలీలు.

అయినను వైద్యుని వ్రాతపని ఆ రికార్డుతో ముగియదు. గుండెజబ్బు అనుమానమున్న వానిని పెద్దాస్పత్రికి పంపునపుడు అచ్చటి నిపుణునకు రెఫరల్ లేఖ వలయును; వారము దినములు జ్వరముతో మంచమునున్న ఉద్యోగికి సెలవు నిమిత్తము మెడికల్ సర్టిఫికెట్టు వలయును; క్రొత్తగా ఇన్సులిన్ మొదలిడిన వృద్ధురాలికి, సీసాను ఫ్రిజ్జులో ఉంచవలెను గాని ఫ్రీజరులో పెట్టరాదని, సూదిని ఎచ్చట పొడుచుకొనవలెనో, ఎచ్చట పొడుచుకొనరాదో తెలుపు కాగితము చేతికీయవలయును. బీమా కంపెనీ ప్రశ్నలకు ప్రత్యుత్తరములు, టీకా తేదీ దాటిన శిశువుల తల్లిదండ్రులకు జ్ఞాపికలు, నెలాఖరు లెక్కలు సరేసరి. రికార్డు సాఫ్ట్‌వేరును నిర్మించినవారు తమకు తోచిన ఫారములను అందు అమర్చియుందురు. జీవితము అడుగు కాగితములనన్నిటిని ముందుగా ఊహించుట ఎవ్వరికిని సాధ్యము గాదు. కావుననే ప్రతి క్లినిక్కునందును రికార్డు ప్రక్కన వ్రాతకును లెక్కకును మరియొక సాధనము వచ్చి చేరుచున్నది. ఆ సాధనముగా, వెలపెట్టి కొననక్కరలేని లిబ్రేఆఫీసు చాలునని, కొన్ని విషయములలో తక్కినవానికంటె మేలైనదనియు నా దృఢాభిప్రాయము. అయితే రెండింటి నడుమ పొలిమేర స్పష్టముగా గీచికొనిన చోటనే ఆ మేలు దక్కును.

ఆ సాఫ్ట్‌వేరు నిన్న మొన్న పుట్టినది కాదు. జర్మనీ దేశపు ల్యూనెబుర్గ్ పట్టణమున మార్కో బోరీస్ అను యువకుడు 1985 లో స్థాపించిన స్టార్ డివిజన్ సంస్థవారి స్టార్ ఆఫీసు దీనికి మూలము. 1999 లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ సంస్థను కొని, మరుసటియేట దాని సోర్సుకోడును ఓపెన్ ఆఫీస్ పేర లోకమునకు విడుదల చేసెను. 2010 లో ఆ సన్ సంస్థయే ఒరాకిల్ వశము కాగా, సాఫ్ట్‌వేరు భవిష్యత్తును గూర్చి కలతపడిన నిర్మాతలలో పెక్కురు ఆ యేడు సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను నెలకొల్పి లిబ్రేఆఫీసును వెలువరించిరి. ఈ చరిత్రలో వైద్యునకు పనికివచ్చు అంశమొకటి కలదు. ఇది వ్రాయు ఫైళ్ల రూపమైన ఓపెన్ డాక్యుమెంట్ 2006 లోనే అంతర్జాతీయ ప్రమాణముగా ఆమోదింపబడినది. దాని నిర్మాణము బహిరంగము గనుక, ఏ కంపెనీ మూతపడినను, ఏ చందా ఆగిపోయినను, నేడు వ్రాసిన లేఖను తరువాతి కాలమున మరియొక సాఫ్ట్‌వేరుతోనైనను తెరువవచ్చును.

ఈ బహిరంగరూపము వలననే ఉచిత వైద్యరికార్డు సాఫ్ట్‌వేర్లు దీనితో సులభముగా చేయి కలుపగలిగినవి. లూయీస్ ఫాల్కన్ అను వైద్యుడు 2008 లో ఆరంభించిన పని నేడు గ్నూ హెల్త్ అను పేర ప్రసిద్ధమైనది. ముద్రణకు పోవు మందులచీటీ, నివేదిక మున్నగువాని మూసలు అందు ఓపెన్ డాక్యుమెంట్ ఫైళ్లే గనుక, లెటర్‌హెడ్డు మార్చవలెనన్నను, తెలుగు వాక్యమొకటి చేర్చవలెనన్నను, ఆ మూసను లిబ్రేఆఫీసులో తెరచి సరిదిద్దుకొనినచో చాలును. అట్టి ఉచిత సాఫ్ట్‌వేరే యైన ఓపెన్ ఈఎమ్ఆర్‌లో మరియొక పద్ధతి కలదు. రోగి పేరుండవలసిన చోట మీసాల బ్రాకెట్లలో ఒక గుర్తు, పుట్టినతేది యుండవలసిన చోట మరియొకటి, అలర్జీలకును వ్యాధుల జాబితాకును వేరువేరు గుర్తులు వ్రాసి మూసను సిద్ధపరచియుంచినచో, రోగి పేజీనుండి దానిని దింపుకొనునపుడు ఆ గుర్తుల స్థానమున రికార్డులోని వివరములే వచ్చి నిలుచును. పేరు తప్పుపడదు, పెన్సిలిన్ సరిపడదని రికార్డులో నుండగా లేఖలో వ్రాయ మరచుట యుండదు.

ఇట్టి ఏర్పాటు లేని చోట జరుగు పొరపాటును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. తొందరలోనున్న సహాయకుడు నిన్నటి రెఫరల్ లేఖను తెరచును. పేరును వయస్సును మార్చును. మొదటి పేరాను చెరిపి క్రొత్త సంగతి వ్రాయును. ఇంతలో ఫోను మ్రోగును. నిన్నటి రోగికి పదియేండ్లుగా మధుమేహమున్నదని, గ్లిమెపిరైడ్ వాడుచున్నాడని చెప్పు వాక్యము క్రింది పేరాలో అట్లే నిలిచిపోవును. దూరమునున్న వైద్యునకు ఆ వాక్యము ఈ రోగిది కాదని తెలియు దారి లేదు. మధుమేహము లేనివానికి ఆ మందు ఇచ్చినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. పైగా ఒకని వ్యాధి మరియొకని చేతి కాగితమునకెక్కినది. దీనికి లిబ్రేఆఫీసులో మందు సులభము: లేఖను మామూలు ఫైలుగా గాక టెంప్లేటుగా, అనగా ఓటీటీ ఫైలుగా, ఒకమారు భద్రపరచుట. దానిని తెరచినపుడెల్ల పేరులేని క్రొత్త పత్రము వచ్చునే గాని, మూస చెక్కుచెదరదు; నిన్నటి రోగి ఛాయ అందు పడదు. మాటిమాటికి వచ్చు వాక్యములకు ఆటోటెక్స్ట్ అను సదుపాయము కలదు: రెండు మూడక్షరముల సంకేతమును టైపుచేసి ఎఫ్3 మీటను నొక్కినంతనే పేరాకు పేరాయే దిగును.

ఈ సదుపాయము విలువ తెలుగు వ్రాతలో మరింత స్ఫుటముగా కానవచ్చును. మన క్లినిక్కులలో రోగికిచ్చు కాగితము చాలవరకు ఆంగ్లమున నుండును. పరగడుపున చక్కెర పరీక్షకు రమ్మనిన చోట, ముందటి రాత్రి భోజనమైన పిమ్మట ఎనిమిది గంటలకు తగ్గకుండ ఏమియు తినరాదని, మంచినీరు మాత్రము త్రాగవచ్చునని నోటిమాటగా చెప్పినది గుమ్మము దాటునప్పటికి సగము మరపునకు వచ్చును. ఉదయము కాఫీ త్రాగి వచ్చినవానికి పరీక్ష మరునాటికి పోవును. అదే సంగతిని పెద్ద అక్షరములతో తెలుగున అచ్చువేసి యిచ్చినచో, ఇంట చదువుకొను మనుమరాలైనను అవ్వకు చదివి వినిపించును. లిబ్రేఆఫీసు 2017 లో వచ్చిన 5.3 కూర్పునుండి అన్ని కంప్యూటర్లపైనను అక్షరకూర్పునకు హార్ఫ్‌బజ్ అను ఒకే యంత్రాంగమును వాడుచున్నది గనుక, యూనికోడు తెలుగులోని వత్తులును గుణింతములును చక్కగా కుదురుకొనును. అమరికలలో ఒక మెలకువ మాత్రము కావలెను: ఆంగ్లాక్షరముల ఫాంటు, పరిమాణము ఒకచోటను, తెలుగు వంటి లిపులవి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అను వేరొక చోటను నిర్ణయింపబడును, మూసలో రెంటిని సరిచేయనిచో ఆంగ్లము పెద్దదై తెలుగు చిన్నదై కూర్చుండును. డీటీపీ దుకాణములలో నేటికిని వాడుకలోనున్న ‘అను’ ఫాంట్ల వంటి పాత పద్ధతిలో వ్రాయించినవి ఇచ్చట పనికిరావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు కానరాక ఏవో ఆంగ్లపు గుర్తులు కానవచ్చును, వెదకిన మాట దొరకదు.

లెక్కల పట్టికయైన క్యాల్క్ విషయమున ఇంతకంటె జాగ్రత్త వలయును. మూడు నెలలుగా రాని మధుమేహరోగులెందరు, బీపీ అదుపులోనికి రానివారెందరు అను ప్రశ్నలకు రికార్డునుండి సీఎస్‌వీ ఫైలుగా దింపుకొని, పైవట్ పట్టికతో నిమిషములలో సమాధానము రాబట్టవచ్చును. కాని సీఎస్‌వీని తెరచునపుడు క్యాల్క్ చూపు దిగుమతి పేజీని చదువక ఓకే నొక్కుట అనర్థదాయకము: 00457 అను ఓపీ నంబరు 457 గా మారును, ఏప్రిల్ 3వ తేది మార్చి 4 కావచ్చును, లిపి స్థానమున యూటీఎఫ్-8 ఎంచుకొననిచో తెలుగు పేర్లు అర్థములేని గుర్తుల వరుసలగును. ఓపీ నంబరు, ఆభా, ఫోను నంబరు ఉన్న నిలువువరుసలను ముందుగనే టెక్స్ట్ అని గుర్తింపవలెను. ఇట్టి అశ్రద్ధ ఎంతవరకు పోగలదో 2020 శరత్కాలమున ఇంగ్లండు చూచినది. 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ రూపమున కోవిడ్ ఫలితములను ఎక్కించుటచే సుమారు 16 వేల కేసులు సకాలమున లెక్కకు రాలేదు. వారితో మెలగినవారిని హెచ్చరించు పని ఆ మేరకు ఆలస్యమైనది. ఆ తప్పు ఒక కంపెనీ సాఫ్ట్‌వేరుకే పరిమితమని తలపరాదు. పట్టికను భాండాగారముగా వాడినచో లిబ్రేఆఫీసులోనైనను అట్టిదే జరుగును.

పైన పొలిమేర యని చెప్పినది దీనినే. వర్తకుడు చిట్టాలో వ్రాసినది ఆవర్జాకెక్కనంతవరకు ఖాతా తేలనట్లు, లేఖలోగాని పట్టికలోగాని వ్రాసినది రికార్డులోనికి పోనంతవరకు రోగిచరిత్రలో భాగము కాదు. మందు మోతాదు మార్చినచో ముందు రికార్డులో మార్చి, అచ్చటినుండి లేఖను పుట్టింపవలెను; లేఖలో దిద్ది రికార్డును మరచుట తగదు. ముగిసిన లేఖను పీడీఎఫ్‌గా చేసి, చిరకాలము నిలుపదలచినచో పీడీఎఫ్-ఎ రూపమున, రోగి పేజీకి జతపరచి, మేజాపై మిగిలిన చిత్తుప్రతిని తొలగింపవలెను. బీమావారు పంపు వర్డ్ ఫారములు లిబ్రేఆఫీసులో ఒక్కొక్కప్పుడు వరుసలు చెదరి కనబడుట నిజమే. తిరిగి పంపునపుడు పీడీఎఫ్ చేసినచో ఆ చిక్కు చాలవరకు తీరును.

రోగి వివరములు మరుగుపరచి పత్రమును వెలికీయవలసినపుడు పేరుపై నల్లని గీత గీచుట చాలదు, క్రింది అక్షరములు ఫైలులో అట్లే యుండును. 2019 లో 6.3 కూర్పుతో వచ్చిన రిడాక్షన్ పరికరము పుటను బొమ్మగా మార్చి ఆ అక్షరములను నిజముగా తొలగించును. సహాయకుని కంప్యూటరులో ఇటీవలి ఫైళ్ల జాబితాయే రోగుల జాబితాగా కనబడకుండ చూచుటయు, పట్టికలకు పాస్‌వర్డు పెట్టుటయు 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము వచ్చిన తరువాత మరింత ఆవశ్యకములైనవి.

వైద్యమండలి నియమావళి ప్రకారము వైద్యుడు తానిచ్చిన సర్టిఫికెట్లన్నిటికి రిజిస్టరు ఉంచి, రోగి గుర్తింపు చిహ్నములను అందు వ్రాసి, ప్రతిని దాచవలెను. ఆస్పత్రిలో చేర్చుకొనిన రోగుల రికార్డులను మూడేండ్లు భద్రపరచవలెను. రోగియో అధికారులో కోరినచో 72 గంటలలో ఆ పత్రములను అందజేయవలెను. లేఖలన్నియు రోగి పేజీకి జతపడియున్న క్లినిక్కులో ఆ పని టీ చల్లారునంతలో ముగియును. లేఖలు రిసెప్షను కంప్యూటరులో ఒకటి, ఇంటి ల్యాప్‌టాపులో ఒకటిగా చెదరియున్న చోట ఆ 72 గంటలును వెదకుటకే చెల్లిపోవును.