వేగం పెరిగితే బండి వణుకుతోందా?

తడ: పులికాట్ చేపలు, రొయ్యలతో తడ నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై సాగే పికప్ వ్యాన్లలో కొన్ని ఊళ్లలో సాఫీగా నడిచినా, గంటకు 70-80 కిలోమీటర్ల వేగం అందుకోగానే వణుకుతాయి. దీనిని రోడ్డు దోషమని వదిలేయరాదు. చక్రంలో తూకం తేడా ఉంటే, వేగం రెట్టింపైనపుడు దాని అదురు బలం నాలుగింతలవుతుంది.

స్టీరింగ్ అదిరితే ముందు చక్రాలను, సీటు అదిరితే వెనుక చక్రాలను లేదా ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానించాలి. బ్రేకు తొక్కినపుడే అదిరితే డిస్కులు, డ్రమ్ములు చూపించాలి. అదురు హఠాత్తుగా మొదలైతే వెంటనే బండి పక్కకు ఆపి చక్రాల నట్లు పరిశీలించాలి. అవి వదులైతే చక్రమే ఊడిపోయే ప్రమాదముంది.

ఖర్చు తక్కువైన పనితోనే ప్రారంభించడం మేలు. టైర్లు చల్లగా ఉన్నపుడు గాలి సరిచూడాలి. టైరుకు ఉబ్బు, రిమ్ములో ఎండిన బురద ఉన్నాయేమో గమనించాలి. పిమ్మట వీల్ బ్యాలెన్సింగ్ చేయించాలి. అలైన్‌మెంట్ సరిచేసేది చక్రాల కోణాన్నే. తూకం తేడాను కాదు.

అప్పటికీ తగ్గకపోతే షాఫ్టు క్రాసులు, సెంటర్ బేరింగు చూడాలి. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీటికి ఇవి తుప్పుపట్టే అవకాశం ఎక్కువ. గ్రీజు పెట్టించడంలో అశ్రద్ధ కూడదు. షాఫ్టు విప్పేముందు గుర్తులు పెట్టించి, తిరిగి అదే స్థానంలో బిగింపజేయాలి.