లక్క ప్లేటు మీద వియన్నా

హిట్లర్ మనసు పడిన సంగీత నాటకాల్లో ‘మెర్రీ విడో’ ఒకటి. అందులో కథానాయకుడు డానిలో వేషం మొట్టమొదట కట్టిన లూయీ ట్రాయ్‌మన్ యూదుడు. నాజీలు అతన్ని తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1943లో అక్కడే కన్నుమూశాడు. నాయిక వేషం వేసిన మిట్సీ గుంతర్‌తో కలిసి 1906లో అతను ఇచ్చిన గ్రామఫోన్ ప్లేట్లు మాత్రం ఈనాటికీ మిగిలి ఉన్నాయి. పాత వియన్నా ఆపరెట్టా రికార్డులంటే షాంపేన్ గ్లాసులూ పట్టు గౌన్లూ తప్ప ఏమున్నాయి అనుకునేవాళ్లు ముందుగా వినాల్సింది ఆ గొంతునే.

‘మెర్రీ విడో’ కథ చాలా తేలిక. అప్పుల్లో మునిగిన ఓ బుల్లి దేశం. ఆ దేశపు కోటీశ్వరురాలు హన్నా, భర్త పోయాక పారిస్‌లో ఉంటుంది. ఆమె పరాయి దేశస్థుణ్ని పెళ్లాడితే డబ్బంతా చేజారిపోతుందని రాయబారికి గుబులు. ఆమెను ఎలాగైనా ఒప్పించమని డానిలోను పురమాయిస్తాడు. తీరా చూస్తే వాళ్లిద్దరూ ఒకప్పటి ప్రేమికులే. ఇంకేముంది, మూడు అంకాల పాటు బెట్టు, అలకలు, వాల్ట్జ్ నాట్యం. మాటలు మాటలుగానే సాగుతాయి, మనసు విప్పాల్సిన చోట పాట అందుకుంటారు. ఆపరెట్టా అంటే అదే. ఫ్రాంజ్ లెహార్ స్వరపరిచిన ఈ నాటకం 1905 డిసెంబర్ 30న వియన్నాలోని థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో మొదలై, 1907కల్లా లండన్, న్యూయార్క్ చేరింది.

ట్రాయ్‌మన్ ప్లేట్లిచ్చే నాటికి మైకుల్లేవు. పెద్ద బూర ముందు నిలబడి పాడాలి. ఆ ధ్వని తాకిడికే సూది కదిలి మైనపు పలక మీద గాడి గీసేది. పై స్థాయి అందుకునేటప్పుడు గాయకుడు వెనక్కి జరగకపోతే గాడి చెడిపోయేది. వయొలిన్ నాదం బూరకు ఆనదని వయొలిన్లకూ చిన్న బూరలు తగిలించేవాళ్లు. డబుల్ బేస్ బదులు ట్యూబా ఊదించేవాళ్లు. ప్లేటుకు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే కాబట్టి పాటను కత్తిరించాలి, లేదంటే పరుగెత్తించాలి. ఇంతా చేసి ఆ ప్లేటును గట్టిగా పట్టి ఉంచేది లక్క. అప్పట్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్క కలకత్తా రేవులో ఓడెక్కేది. వియన్నా వాల్ట్జ్‌లో మన వాటా అంతే, అదీ తక్కువేం కాదు.

ఈ ప్లేట్ల గరగరను భరించి వినడం దేనికి? కాగితం మీద లేనిది అందులో ఉంది కాబట్టి. వాల్ట్జ్‌కు మూడు దెబ్బలు, స్వరలిపిలో మూడూ సమానం. వియన్నా వాద్యకారులు మాత్రం రెండో దెబ్బను రవ్వంత ముందే వేసేస్తారు. ఆ ఊపుకే కాళ్లు నేల మీద నిలవవు. రవ్వంత అంటే ఎంతో ఏ స్వరకర్తా రాసి చూపించలేదు. చెవితో పట్టుకోవాల్సిందే.

1925లో రికార్డింగుకు మైకు వచ్చింది. దాన్ని రిచర్డ్ టౌబర్ వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదని నా అభిప్రాయం. 1891లో లింజ్‌లో పుట్టిన ఈ గాయకుడు మోజార్ట్ ఒపెరాల్లో పేరు తెచ్చుకుని ఆపరెట్టాలోకి వచ్చాడు. లెహార్ అతని గొంతును దృష్టిలో పెట్టుకునే పాటలు కట్టేవాడు. 1929 అక్టోబర్ 10న బెర్లిన్‌లో లెహార్ ఆపరెట్టా ‘దాస్ లాండ్ డెస్ లెహెల్న్స్’ మొదలైంది. ఆ ఏడే తీవ్రమైన కీళ్లవాతంతో మంచాన పడి లేచిన టౌబర్, అందులో ‘డైన్ ఇస్ట్ మైన్ గాంజెస్ హెర్జ్’ పాటతో యూరప్‌ను ఊపేశాడు. మన పద్య నాటకాల్లో ‘వన్స్ మోర్’ అనగానే నటుడు అదే పద్యాన్ని కొత్త రాగాలాపనతో అందుకున్నట్టే, అతనూ పాటను మళ్లీ మళ్లీ పాడేవాడు. పాడిన ప్రతిసారీ ఒకేలా ఉండేది కాదు. రికార్డులో వినండి: ఉధృతంగా ఎత్తుకున్న వాక్యాన్ని ఉన్నట్టుండి గుసగుసలోకి దించేస్తాడు. బూర కాలంలో ఆ గుసగుస ప్లేటెక్కేదే కాదు.

ఆ పాట రాసిన ఇద్దరిలో ఒకరు ఫ్రిట్జ్ లోనర్-బేడా. 1938 మార్చిలో ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోగానే అతన్ని పట్టుకెళ్లారు. డాకావ్, బూఖెన్‌వాల్డ్ శిబిరాలు దాటించి చివరికి ఆష్విట్జ్‌కు చేర్చారు. 1942 డిసెంబర్‌లో అక్కడే చంపేశారు. అతని మాటలకు స్వరం కట్టిన లెహార్ మాత్రం భార్య యూదురాలైనా నాజీల ఆదరణలోనే ఉన్నాడు. తన రచయిత కోసం అతను ఎంత ప్రయత్నించాడన్నది నేటికీ తెగని వాదన. టౌబర్‌ను 1933లోనే బెర్లిన్ వీధిలో నాజీ మూకలు కొట్టాయి. అతను వియన్నాకు, ఆ తర్వాత లండన్‌కు వెళ్లిపోయాడు. 1947 సెప్టెంబర్‌లో, ఒక ఊపిరితిత్తి క్యాన్సర్‌తో పనికిరాకుండా పోయాక కూడా, లండన్ వచ్చిన వియన్నా ఒపెరా బృందంతో కలిసి మోజార్ట్ ‘డాన్ జొవాన్నీ’ పాడాడు. కొద్ది నెలలకే పోయాడు.

యుద్ధం తర్వాత ఎల్పీలు వచ్చాయి, ఆపరెట్టా మొత్తం రెండు మూడు ప్లేట్లలో ఇమిడిపోయింది. 1950లో కండక్టర్ క్లెమెన్స్ క్రౌస్ వియన్నా ఫిల్హార్మోనిక్‌తో డెక్కా కంపెనీకి చేసిన ఆపరెట్టా ‘డై ఫ్లెడర్‌మౌస్’లో సంభాషణలన్నీ తీసేశారు. అయినా ఆ రెండో దెబ్బ తిన్నగా మన కాళ్లకు తగులుతుంది. 1953లో నిర్మాత వాల్టర్ లెగ్ లండన్‌లో ‘మెర్రీ విడో’ తీశాడు. హన్నాగా ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్, డానిలోగా వియన్నా గాయకుడు ఎరిక్ కుంజ్. 1962లో ఆమే స్టీరియోలో మళ్లీ పాడింది. ధ్వని అందులో మెరుగు, కొంటెతనం మాత్రం పాతదాంట్లోనే.

అయితే క్రౌస్ నాజీల హయాంలో బెర్లిన్, మ్యూనిక్ ఒపెరాలను ఏలినవాడు. ష్వార్జ్‌కాఫ్ 1940లో నాజీ పార్టీలో చేరింది. ఈ ఎల్పీలు గొప్పవి కావనడం అబద్ధమే అవుతుంది. కానీ తరిమేసినవాళ్ల గొంతులు గరగర ప్లేట్ల మీదా, ఉండిపోయినవాళ్లవి తళతళలాడే ఎల్పీల మీదా మిగలడం యాదృచ్ఛికం కాదు. ‘ధ్వని బాగుంది’ అని ఒకటి ఎంచుకున్నప్పుడు ఆ చరిత్ర తీర్పునే మనమూ ఒప్పుకుంటున్నాం.

కొత్తగా వినేవారికి ఒక మాట. పాత ప్లేట్ల శబ్దాన్ని పూర్తిగా తుడిచేసి అమ్మే సంకలనాల జోలికి పోకండి. గరగరతోపాటు గొంతులోని ఊపిరి కూడా పోతుంది. ముందు ట్రాయ్‌మన్, తర్వాత టౌబర్, ఆపైన 1950 క్రౌస్ వినండి. ష్వార్జ్‌కాఫ్‌ను చివరికి ఉంచుకోండి.