సిద్దిపేట రైలు: పైసలు మనయి, టైమెవలిది?

సిద్దిపేటకు రైలొస్తదని చిన్నప్పుడు ఎవలన్న అంటె నవ్వేటోళ్లం. నిజాం కాలంల ఏసిన రెండు లైన్లు మన పక్కలకెంచే పోయినయి. ఒకటి సికింద్రాబాద్ నుంచి ఖాజీపేట మీదికెంచి బెజవాడకు, ఇంకోటి మనోహరాబాద్, కామారెడ్డి, నిజామాబాద్ మీదికెంచి మన్మాడుకు. నడుమ సిద్దిపేట, సిరిసిల్ల ఉత్తగ మిగిలినయి. రైలెక్కాలంటె ముందుగాల బస్సెక్కాలె.

ఆ నడుమ జాగల ఏస్తున్నదే మనోహరాబాద్-కొత్తపల్లి లైను. మొత్తం 151 కిలోమీటర్లు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ కాడ ప్రధాని మోదీ శంకుస్థాపన చేసిండు. 2022ల గజ్వేల్‌కు ఎరువుల గూడ్సు వచ్చింది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేటల ప్యాసింజర్ బండి కూత వెట్టింది. మేం తెచ్చినమంటె మేం తెచ్చినమని పార్టీలు ఇప్పటికీ చెప్పుకుంటనే ఉన్నయి.

తమ్ముళ్లూ, అసలు లెక్క ఇనుండ్రి. ఒప్పందం ప్రకారం లైను ఖర్చుల మూడో వంతు రాష్ట్రానిది. భూమి రాష్ట్రమే ఉచితంగ ఇయ్యాలె. బండి నడిచినంక ఐదేండ్ల దాక నష్టమొస్తె అది సుత రాష్ట్రమే భరించాలె. రాష్ట్రం పైసలంటె మనం సబ్బుబిళ్ల కొన్నప్పుడు కట్టిన పన్ను. పొలాలు పోగొట్టుకున్న రైతుల సంగతి వేరే చెప్పాల్నా? గందుకే రైలును దానమిచ్చినట్టు మాట్లాడితె నాకు కోపమొస్తది.

ఇగ టైము. మొదలైనప్పుడు సికింద్రాబాద్‌కు చార్జి 60 రూపాయలు, బస్సుల సగం సుత లేదు. గని పొద్దున 6.45కు ఎల్లిన బండి 10.15కు చేరుతుండె. మాపటికి మళ్ల 5.45కే సికింద్రాబాద్ ఇడిచిపెడుతుండె. తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కి ఆరింటికి దిగే పిల్లగానికి ఈ బండి రానూ దొరకదు, పోనూ దొరకదు. బండి పడమర దిక్కు మనోహరాబాద్ పోయి, అక్కడ పాత లైనెక్కి మేడ్చల్ మీదికెంచి తిరుగుతది. నిజామాబాద్ దిక్కు బండ్లన్ని నడిచేది అదే లైను మీద.

సిరిసిల్ల, వేములవాడ దాటి కొత్తపల్లి కాడ పెద్దపల్లి-నిజామాబాద్ లైనుకు కలిస్తె కరీంనగర్ పట్నానికి సీదా అయితది. అప్పుడు ఈ లైను కత వేరుంటది. అందాక ఒక మాట: టికెట్ తీసుకోనే ఎక్కుండ్రి. ఉత్తగ ఎక్కితె బండి నిండుగున్నా కాయితం మీద ఖాళీగ పోయినట్టే, ఆ నష్టం మళ్ల మన మీదికే వస్తది. టికెట్ చేతుల వట్టుకొనే అడుగుదాం: పొద్దున 5.30కు ఒక బండి, రాత్రి ఏడు దాటినంక ఒక బండి.