పిల్లిని చంకన పెట్టుకుని ప్రయాణం

"పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు" అంటారు మన పెద్దలు. కోరి కోరి అపశకునాన్ని వెంట తిప్పుకోవడమన్న మాట. ఒక ఇంగ్లీషు సినిమాలో డెబ్భై దాటిన తాతగారు సరిగ్గా ఆ పనే చేస్తాడు, అదీ న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిల్స్ దాకా! 1974లో పాల్ మజుర్‌స్కీ తీసిన 'హారీ అండ్ టోంటో' అది. మా పెద్దాడు కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు. ఫైటింగులూ అవీ ఏమీ లేవు. అయినా స్టవ్ మీద కుక్కరు కూతలు వేస్తున్నా లేవబుద్ధి కాలేదు సుమండీ!

హారీ రిటైరైన మాస్టారు. భార్య పోయింది. తోడున్నది టోంటో అనే చారల పిల్లి. కార్లు నిలుపుకునే స్థలం కోసం వాళ్ళుండే బిల్డింగు పడగొడతామంటే, కదలనని భీష్మించుకు కూర్చుంటాడు. పోలీసులు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి వీధిలో దింపుతారు. పెద్దకొడుకు మంచివాడే, తన ఇంటికి తీసుకెళ్తాడు. కానీ ముసలాయనకి అక్కడ కాలు నిలవదు. చికాగోలో కూతురి దగ్గరికి బయల్దేరతాడు. విమానాశ్రయంలో పిల్లి బుట్టని తనిఖీకి ఇమ్మంటే ససేమిరా అంటాడు. సరే, బస్సెక్కుతాడు. పిల్లి ఒంటికి పోసుకోవాలని దారిలో బస్సు ఆపించి దిగిపోతాడు! ఆ తర్వాత ఒక పాత కారు కొంటాడు. లైసెన్సు గడువు ఎప్పుడో అయిపోయింది, అది వేరే సంగతి.

దారిలో వయసులో ఉన్నప్పటి స్నేహితురాలిని వృద్ధాశ్రమంలో చూస్తాడు. ఆవిడకి మతిమరుపు, ఇతన్ని ఇంకెవరో అనుకుంటుంది. అయినా ఇద్దరూ కలిసి మెల్లగా డాన్సు చేస్తారు. అక్కడ నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. హారీగా వేసిన ఆర్ట్ కార్నీకి అప్పటికి అరవై కూడా లేవు. ఉత్తమ నటుడి ఆస్కార్ ఆయనకే వచ్చింది. ఎందుకు రాదు మరి!

నాకు అర్థమైంది ఒకటి. ఆ తాతగారికి పిల్లలు లేకపోలేదు. ముగ్గురున్నారు, ప్రేమ కూడా ఉంది. కానీ వాళ్ళ దగ్గర ఆయన పోషణలో ఉన్న మనిషి. టోంటో దగ్గర మాత్రం ఆయన యజమాని. అది ఆయన మీద ఆధారపడి ఉంది.

మన ఇళ్ళలో చూడండి. ఊళ్ళో పెద్దవాళ్ళని సిటీకి తెచ్చుకునేటప్పుడు ముందుగా అమ్మేసేది గేదెని, ఎవరికో ఇచ్చేసేది కుక్కని. మా అత్తగారు ఇక్కడికొచ్చిన కొత్తల్లో తెల్లవారుఝామున నాలుగింటికే లేచి కూర్చునేవారు. పాలు పితకాల్సిన వేళ అది. కాఫీ ఇస్తే తాగి, మళ్ళీ గుమ్మం వైపు చూసేవారు. గేదెని ఫ్లాటులో కట్టెయ్యలేం, నిజమే. కుక్కనైనా తెచ్చుకోవచ్చు కదా! రైల్లో అయితే ఫస్టు క్లాసులో ఒక కూపే మొత్తం మనదై ఉండాలి, లేదంటే బ్రేకు వానులో కుక్కల పెట్టె ఉంటుంది. ఖర్చే, కాదనను. సోఫా సెట్టుకి లారీ మాట్లాడేవాళ్ళం దీనికి మాత్రం లెక్కలు చూస్తాం.

టోంటో లాస్ ఏంజిల్స్ చేరాక జబ్బుపడి, పశువుల డాక్టరు దగ్గర పోతుంది. హారీ పక్కనే నిలబడి పాత పాట పాడతాడు. తర్వాత ఒకరోజు సముద్రం ఒడ్డున అచ్చం టోంటో లాంటి పిల్లి కనిపిస్తుంది. ఆయన దాని వెనకాలే నడుస్తాడు.