పోపు ఘాటు ఎటు పోవాలి?

కాగిన నూనెలో ఎండుమిరపకాయలు పడగానే వంటింట్లో ఉన్నవాళ్లకే కాదు, వీధి అరుగు మీద కూర్చున్న తాతగారికి కూడా దగ్గు వస్తుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థం పేరు కాప్సైసిన్. అది తేలిగ్గా ఆవిరయ్యేది కాదు. కాని నూనె చిటపటలాడినప్పుడు పైకెగిరే సన్నని తుంపరలతో కలిసి గాలిలోకి చేరుతుంది. ఆ తుంపరల్లో కొన్ని కంటికి కనిపించనంత చిన్నవి. పీల్చే గాలితోపాటు ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. గ్యాసు మంట నుంచి పుట్టే కార్బన్ డై ఆక్సైడు, నీటి ఆవిరి, కొద్దిపాటి నైట్రోజన్ డై ఆక్సైడు దీనికి తోడు.

ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో ముఖ్యమైన నేరం కట్టెలది, పిడకలది, బొగ్గులది. అయినా గ్యాసు పొయ్యి వచ్చింది కదా అని వంటింటి గాలి శుభ్రంగా ఉందనుకోకూడదు.

పాతకాలపు పెంకుటిళ్లలో పొయ్యికి పైన కప్పులోనే పొగగూడు ఉండేది. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది, దానంతట అదే పైకి పోతుంది. ఫ్యానూ వద్దు, కరెంటూ వద్దు. మరి ఇప్పటి మేడల్లో వంటింటి కప్పు పైన ఇంకొకరి ఇల్లుంటుంది! అందుకే బయటి గోడకు కన్నం పెట్టి, గొట్టం బిగించి, ఫ్యానుతో గాలిని నెట్టవలసి వస్తోంది.

నిరుడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె నా దగ్గరకొచ్చి, “మాస్టారూ, మా ఇంట్లో పొయ్యి మీద కొత్త చిమ్నీ పెట్టించాం. చప్పుడు బ్రహ్మాండంగా చేస్తోంది. పొగ మాత్రం హాల్లోకే వస్తోంది. మా నాయనమ్మకు ఉబ్బసం. పోపు పెట్టేముందు ఆవిణ్ణి మేడ మీదికి పంపిస్తున్నాం,” అంది. ఆ ఆదివారమే వెళ్లి చూశాను.

చిమ్నీ మూతి వ్యాసం 6 అంగుళాలు. దానికి తగిలించినది నీళ్లకు వాడే 4 అంగుళాల ప్లాస్టిక్ గొట్టం! పైగా గోడలో సిమెంటు బీము అడ్డం వచ్చిందని దాన్ని మూడు వంపులు తిప్పారు. బీముకు చిల్లి పెట్టకపోవడం మంచి పనే. ఇంటి బరువు మోసేది అదే కదా. కాని గొట్టం సంగతి చూడండి. వృత్త వైశాల్యం సూత్రం మీకు తెలుసు. 6 అంగుళాల గొట్టానికి వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు, 4 అంగుళాలదానికి 12న్నర. సగానికన్నా తక్కువ!

ఆ వంటిల్లు 3 మీటర్ల పొడవు, 2న్నర మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అందులో పట్టే గాలి 22.5 ఘనపు మీటర్లు. గంటకు 12 సార్లు ఆ గాలి మారాలనుకుంటే 270 ఘనపు మీటర్లను బయటికి నెట్టాలి. ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.2 కిలోలు. అంటే గంటకు మూడు క్వింటాళ్లకు పైగా గాలి! వెడల్పు గొట్టంలో ఇది సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతే చాలు. ఇరుకు గొట్టంలో 9 మీటర్లు దాటాలి. వేగం రెట్టింపైతే గొట్టం కలిగించే అడ్డగింపు సుమారు నాలుగు రెట్లవుతుంది. వంపులు దానికి అదనం. అంత అడ్డగింపును గెలవలేక ఫ్యాను రొద మాత్రం చేస్తోంది.

ఇంకొక తప్పు కూడా కనబడింది. దోమల భయంతో కిటికీలన్నీ మూసేశారు. బయటికి పోయినంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. రాకపోతే గదిలో పీడనం తగ్గి, ఫ్యానుకు నెట్టడానికి గాలే అందదు. ఆ అమ్మాయి చేతికి ఒక అగరువత్తి ఇచ్చి, పొయ్యి ఆర్పించి, చిమ్నీ అంచు దగ్గర పట్టుకోమన్నాను. పొగ బద్ధకంగా అటూ ఇటూ తిరిగింది. ఎదురుగోడ కిటికీ జానెడు తెరిచాం. పొగ కొంచెం చిమ్నీ వైపు వంగింది. పూర్తిగా మాత్రం కాదు. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లను దగ్గర పెట్టుకొని ఇలా చూడవచ్చు.

తరువాత ఎలక్ట్రీషియన్‌నూ, తాపీమేస్త్రీనీ పిలిపించారు. గోడలో తీగలు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకొని, మెయిన్ ఆపి, బీముకు కిందుగా కొత్త కన్నం పెట్టారు. లోపల నునుపుగా ఉండే 6 అంగుళాల రేకు గొట్టం ఒక్క వంపుతో బయటికి పోయింది. దాన్ని బయటివైపుకు కాస్త వాలుగా ఉంచాలని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను. లేకపోతే వాన నీళ్లూ, గొట్టంలో చల్లబడిన ఆవిరీ లోపలికే కారతాయి. మొదట సున్నా వాలుతోనే పెట్టబోయాడు! ఫ్యాను ఆగినప్పుడు ఎదురుగాలి రాకుండా చివర తేలికైన రేకు మూత బిగించారు. పిచ్చుకలు దూరకుండా జాలీ కూడా వేశారు. కన్నులు పెద్దవిగా ఉండాలి. దోమల జాలీ అయితే జిడ్డుతో మూసుకుపోతుంది. పక్కింటి కిటికీ ఎదుటకో, అటక మీదికో గొట్టం వదిలేవాళ్లను చూశాను. మన దగ్గును పక్కవాళ్లకు పంపడం తప్ప అందులో లాభమేముంది?

ఒక్క సంగతి. గ్యాసు లీకైన వాసన వస్తే ఈ ఫ్యాను స్విచ్చి ముట్టుకోకండి. నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, నేల దగ్గరే పరచుకుంటుంది. గోడ మీద ఎత్తున ఉన్న ఫ్యాను దాన్ని లాగలేదు కూడా. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి బయటికి రావాలి.

చిమ్నీ అడుగున వంకర పలకల వడపోత ఒకటుంటుంది. గాలి ఆ పలకల మధ్య మెలికలు తిరుగుతుంది. బరువైన నూనె తుంపరలు అంత త్వరగా తిరగలేక, జడత్వం వల్ల తిన్నగా పోయి పలకలకు తగిలి అతుక్కుంటాయి. అందుకే దాన్ని నెలకోసారైనా వేడినీళ్లలో సబ్బు వేసి కడగాలి. వాళ్లింట్లో ఆ పని ఇప్పుడు మా అమ్మాయిదేనట. మొన్న కనిపించినప్పుడు, “మాస్టారూ, మొదటిసారి కడిగితే గిన్నెడు జిడ్డు దిగింది, నాయనమ్మే పక్కన కూర్చుని చూసింది,” అని చెప్పింది.