మీకు తెలుసా? క్వాయ్ వంతెన వెనుక తెలుగు కూలీలు

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కిన బ్రిటిష్ ఖైదీలు అడవిలో రైలు వంతెన కట్టడమే ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ కథ. 1957లో వచ్చిన ఈ సినిమాకు ఏడు ఆస్కార్లు దక్కాయి. కానీ ఆ రైలు దారి వేసిన తమిళ, తెలుగు కూలీల గోడు అందులో లేదు.

థాయ్‌లాండ్-బర్మా మధ్య 415 కిలోమీటర్ల ఆ పట్టాలు 1943 అక్టోబరులో కలిశాయి. అరవై వేలకు పైగా యుద్ధఖైదీలతో పాటు దాదాపు రెండు లక్షల మంది ఆసియా కూలీలు పనిచేశారని అంచనా. వారిలో మలయా తోటల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మొదట కూలీ డబ్బులు, బియ్యం ఆశ చూపారు; తర్వాత బలవంతంగా లాక్కెళ్లారు. ఖైదీల శిబిరాల్లో కనీసం సైనిక వైద్యులుండేవారు. కూలీల గుడిసెల్లో ఆ దిక్కూ లేదు. కలరా, మలేరియా ఊడ్చేశాయి.

కోనసీమకు ఇది మరీ దూరపు ముచ్చటేం కాదు. గౌతమికి అవతలి ఒడ్డునున్న కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. మలయాలో బగాన్ దాతో కొబ్బరి తోటల్లోనూ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి.



థాయ్‌లాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేల మంది సైనికుల సమాధులున్నాయి. కూలీల్లో చాలామందికి పేరు చెక్కిన రాయి కూడా లేదు.