మళ్లీ డార్క్‌రూమ్‌లోకి బ్లాక్ అండ్ వైట్ ఫొటో

2004లో ఇంగ్లండ్‌కు చెందిన ఇల్‌ఫోర్డ్ కంపెనీ దివాలా అంచుకు చేరింది. మరుసటి ఏడాది కొడాక్ బ్లాక్ అండ్ వైట్ ఫొటో పేపర్ తయారీని ఆపేసింది. డార్క్‌రూమ్ కథ ఇక ముగిసిందని చాలామంది అనుకున్నారు. కానీ ముగియలేదు. ఇల్‌ఫోర్డ్‌ను అక్కడి మేనేజర్లే కొని నిలబెట్టారు. చెక్ రిపబ్లిక్‌లోని ఫోమా కంపెనీ కూడా పేపర్ తయారు చేస్తూనే ఉంది. ఫోన్‌తో వేల ఫొటోలు తీసే తరంలోనే కొందరు మళ్లీ ఎర్ర లైటు కింద చేత్తో ప్రింటు వేయడం నేర్చుకుంటున్నారు.

ఎందుకీ శ్రమ?

ఇంట్లో పాత ఆల్బమ్ తీసి చూస్తే జవాబు కనిపిస్తుంది. 1980ల నాటి కలర్ ఫొటోలు చాలావరకు రంగు వెలిసి ఎర్రబారిపోయాయి. అంతకంటే పాతవైన దాదా, దాదీల నికా నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోల్లో మాత్రం ముఖాలు ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. కలర్ ఫొటోలో ఉండేది రంగు, అది వెలుతురుకూ వేడికీ మెల్లగా పోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ కట్టేది వెండి. సరిగ్గా కడిగి ఆరబెట్టి దాచిన వెండి ప్రింటు వందేళ్లు దాటినా ఉంటుంది. దాన్ని చూడటానికి ఛార్జింగూ అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు.

ఫోన్‌లో స్కాన్ చేసుకుంటే చాలదా? రోజూ చూసుకోవడానికి చాలు. స్కాన్ తప్పకుండా చేసుకోవాలి కూడా. కానీ ఫోన్ పోతే ఆ కాపీ పోవచ్చు. మనవళ్ల చేతికి అందాల్సిన ఫొటోకు కాగితం మీద కూడా ఒక ప్రతి ఉండటం మేలు.

ఎలా వేస్తారు?

కిటికీకి నల్ల గుడ్డ కడితే బాత్రూమే డార్క్‌రూమ్. ఈ పేపర్ మీద ఎర్ర కాంతి పెద్దగా పనిచేయదు కాబట్టి ఎర్ర లైటు పెట్టుకోవచ్చు. లైటు సరైనదో కాదో తేల్చుకోవడం తేలికే. పేపర్ ముక్క మీద నాణెం పెట్టి ఐదు నిమిషాలు ఎర్ర లైటు కింద ఉంచి డెవలప్ చేయాలి. నాణెం ఆకారం తేలితే ఆ లైటు పనికిరాదు.

ఎన్‌లార్జర్ అనే యంత్రం నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద పడేస్తుంది. అది లేకపోయినా ఫర్వాలేదు. పాత డబ్బా కెమెరాల నెగటివ్‌లు చాలావాటికి 6 సెం.మీ. వెడల్పు, అంతే పొడవు ఉంటాయి. నెగటివ్‌ను పేపర్ మీద పరిచి, పైన గాజు పలక పెట్టి, కొన్ని సెకన్లు లైటు వేస్తే అదే సైజు ఫొటో వస్తుంది.

ఎన్ని సెకన్లు అన్నదే అసలు ప్రశ్న. దానికి పేపర్ ముక్క తీసుకుని, అట్టతో కొంచెం కొంచెంగా కప్పుతూ 5, 10, 15 సెకన్ల చొప్పున వెలుతురు పడనిస్తారు. కడిగాక ఏ పట్టీ బాగుంటే ఆ సమయమే అసలు ప్రింటుకు.

తర్వాత మూడు ట్రేలు. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ పేపర్ అయితే డెవలపర్‌లో నిమిషం చాలు. తెల్ల కాగితం మీద ముఖం మెల్లగా తేలేది అక్కడే. స్టాప్ బాత్‌లో కొన్ని సెకన్లు, ఫిక్సర్‌లో సీసా మీద రాసినంత సేపు ఉంచి, నీళ్లలో కడగాలి. ఎక్కువ కాలం నిలవాలంటే ఫైబర్ పేపర్ మంచిది, కానీ దాన్ని గంట దాకా కడగాలి.

మందులు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు అంతకంటే చాలా వేడిగా ఉంటాయి. ఐసును మందులో వేయకండి. పెద్ద తొట్టిలో ఐసు నీళ్లు పోసి, ట్రేను అందులో కూర్చోబెట్టండి.

ఖర్చు, జాగ్రత్తలు

ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఒకప్పుడు ‘ఇందు’ పేరుతో సరుకు తెచ్చేది. అది మూతపడ్డాక మనకు దొరికేది దాదాపుగా దిగుమతి పేపరే. అందుకే మాటిమాటికీ పెట్టాల్సిన ఖర్చులో పేపర్‌దే పెద్ద వాటా. టెస్టుకు పూర్తి షీటు వాడకుండా ముక్కలుగా కోసుకోవాలి.

చేతికి గ్లవ్స్, గదికి గాలి తప్పనిసరి. వంట గిన్నెలు అసలు వాడొద్దు. పిల్లలకు సీసాలు అందనివ్వొద్దు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది కాబట్టి కాలువలో పోయకూడదు. ఎక్స్‌రే ఫిక్సర్ నుంచి వెండి తీసేవాళ్లను అడిగి ఇచ్చేయడం మంచిది.

ఇంటి ఫొటో ఇంట్లోనే

ఇంకో లాభం ఉంది. ఇంటి ఆడవాళ్ల ఫొటో బయటివాళ్ల చేతికి వెళ్లదు. ఈ ఆలోచన హైదరాబాద్‌కు పాతదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఇక్కడ ఆడవాళ్ల కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటో తీసేది కూడా మహిళే.

మొదలు పెట్టాలంటే ముందు నెగటివ్‌లు బయటికి తీయండి. అంచులు మాత్రమే పట్టుకోండి. వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ పాడవుతోందని అర్థం. వాటిని వేరుగా ఉంచి, వాటి పనే ముందు చూడండి. మిగతావి ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి. కవరు మీద పెన్సిల్‌తో పేర్లు రాయండి. ఆ ముఖాలు ఎవరివో చెప్పగలిగే నానీనో, ఫుప్పూనో ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోండి. ప్రింటు వచ్చే ఏడాదైనా వేసుకోవచ్చు.